కీళ్ళ సంగతి

మా ఇంట్లో ఏ చప్పుడైనా అందరికంటే ముందు నా చెవినే పడుతుంది. కుక్కర్ గాస్కెట్ పాడవబోతోందని రెండో విజిల్‌కే కనిపెట్టేస్తాను. గ్రైండర్ బెల్టు వదులైతే పక్కగదిలోంచి చెప్పేస్తాను. ఇదేమంత గొప్ప విద్య కాదనుకోండి. ఇరవై ఏళ్ళు వంటింట్లో నిలబడ్డ ఏ ఇల్లాలికైనా అబ్బేదే. చిక్కల్లా ఏమిటంటే, వంటింటి గడప దాటితే ఆ చెవికి విలువ లేదు.

మా కారు విషయంలో అదే జరిగింది.

మామగారు పోర్టులో రిటైరయినప్పుడు, 1998లో, చేతికొచ్చిన డబ్బుతో కొన్న మారుతీ 800 అది. నంబరు ప్లేటు మీద ఇప్పటికీ పాత 'ఏపీ 31' అక్షరాలే. 2014లో కంపెనీ వాళ్ళు ఆ కారు తయారు చెయ్యడమే మానేశారు. మామగారు పోయి మూడేళ్ళయింది. కారు మాత్రం, పదిహేనేళ్ళు నిండినప్పుడు ఒకసారీ, ఆ తరవాత అయిదేళ్ళకోసారీ రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ, పెదవాల్తేరులో మా ఇంటి ముందు నిలబడే ఉంది.

ఈ ఊరి మిట్టపల్లాల సంగతి మీకు తెలిసిందే. కిందటి వేసవిలో, స్పీడు బ్రేకరు దాటినప్పుడల్లా ఎడమ చక్రం దగ్గర 'టక్కు'మని వినపడడం మొదలైంది.

"ఏమండీ, ముందు చక్రం దగ్గర ఏదో కొట్టుకుంటోంది" అన్నాను.

"పాతికేళ్ళు దాటిన కారు! ఆమాత్రం దగ్గదూ?" అన్నారు మావారు.

ఆయన స్టీలు ప్లాంటులో మెకానికల్ ఇంజనీరు. తండ్రి 1933లో తెరిచిన రేవులో పనిచేస్తే, కొడుకు 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఫ్యాక్టరీలో చేస్తున్నారు. ఈ ఊళ్ళో చాలా ఇళ్ళ చరిత్ర ఇంతే. అంత పెద్ద యంత్రాల బేరింగుల చప్పుడు విని రోగం చెప్పే మనిషికి సొంత కారు చప్పుడు వినపడలేదు. దీపం కిందే చీకటంటారు కదా!

పైగా అత్తయ్యగారు కారెక్కడం మానేశారు. "సింహాచలం వెళ్దామా అత్తయ్యా?" అంటే, "ఎండలు తగ్గనీ అమ్మాయ్" అనేవారు. ఎండలు తగ్గాక, "ఆ కుదుపులకి నా నడుం పట్టేస్తుంది" అన్నారు. ఏడాదికి నాలుగైదుసార్లు అప్పన్న దర్శనం చేసుకునే మనిషి అలా అనేసరికి, పాపమంతా కారుదే అనుకున్నాను.

ఎరిగున్న మెకానిక్కుకి చూపిస్తే, "దీనికి డబ్బు పొయ్యడం దండగమ్మా, పాత ఇనుము కింద అమ్మెయ్యండి" అని తేల్చేశాడు. అత్తయ్యగారు నోరు మెదపలేదు. ఆ సాయంత్రం పైటచెంగుతో కారు అద్దం తుడుస్తూ కనపడ్డారు.

"మనమే బాగు చేసుకుందామండీ" అన్నాను.

మావారు నవ్వారు. నవ్వుతూనే ఆదివారం జాకీ వేసి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపారు. నవ్వు ఆగిపోయింది. ఊడబోయే పన్నులా చక్రం కదిలింది!

బి.ఏ.లో చరిత్ర చదివిన నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనప చెయ్యి ఒకటుంది. దాన్ని లోయర్ ఆర్మ్ అంటారు. దాని ఒక కొసన బాల్ జాయింటు, అంటే గిన్నెలో తిరిగే గుండు, అచ్చం మన తుంటి కీలు లాంటిది. రెండో కొసన రబ్బరు బుష్షు. గుండు మీది రబ్బరు తొడుగు చిరిగితే లోపలి గ్రీజు పోయి మట్టి చేరుతుంది. గిన్నె అరుగుతుంది. అరిగి అరిగి, ఒకనాడు గుండు గిన్నెలోంచి ఊడొస్తుంది. అప్పుడు చక్రం పక్కకి ఒరిగిపోతుంది.

"ఎక్కడ ఊడుతుంది?" అన్నాను.

"ఎక్కడైనా ఊడచ్చు. సింహాచలం ఘాట్ రోడ్డు మలుపులోనైనా సరే" అన్నారాయన, నా మొహం చూడకుండా.

గాజువాక ఆటోనగర్‌లో రెండు లోయర్ ఆర్ములూ, బుష్షులూ కొన్నాం. ఒక పక్కది పోతే రెండో పక్కది కూడా మార్చాలిట. వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టారు. జాకీని నమ్ముకుని కారు కిందికి దూరకూడదంటూ ఇనప స్టాండ్లు అడిగి తెచ్చారు. స్ప్రింగు జోలికి మాత్రం పోలేదు. నొక్కి బిగించి ఉన్న ఆ స్ప్రింగుని ఇంటి దగ్గర విప్పబోతే మనిషి ప్రాణానికే ముప్పుట.

సముద్రపు గాలి గురించి నా నవలల్లో పేజీలు పేజీలు రాసుకున్నాను. ఆ గాలి బోల్టుల్ని ఏం చేస్తుందో ఆవేళ చూశాను. నట్టూ బోల్టూ ఒకే ముద్దగా తుప్పు పట్టిపోయాయి. రాత్రల్లా నూనెలో నానబెట్టి, పొద్దున్నే పానాకి ఇనప గొట్టం తొడిగి, తండ్రీకొడుకులిద్దరూ వేలాడితే రెండు గంటలకి ఒక్క బోల్టు కదిలింది. ఈలోగా మావారి వేళ్ళ మీద చర్మం లేచిపోయింది. నా పని టార్చి పట్టుకోవడం, పసుపు తేవడం.

కొత్తవి ఎక్కించాక, ఉత్సాహం పట్టలేక నేనూ ఒక పానా అందుకున్నాను.

"ఆగు! బుష్షు బోల్టు ఇప్పుడే బిగించకు" అన్నారు మావారు. "బండి గాల్లో ఉండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. చక్రాలు నేలకి ఆని, బరువు మీద పడ్డాకే ఆఖరి బిగింపు."

కాపురాలకి కూడా ఈ పద్ధతే మేలేమో! ఆ మాట పైకి అనలేదు. అంటే నవల్లో రాసేస్తానని ఆయన భయం.

మర్నాడు చక్రాల అలైన్‌మెంటు సరిచేయించి, శనివారం నాడు అత్తయ్యగారిని బలవంతాన ముందు సీట్లో కూచోబెట్టాం. హనుమంతవాక దాటి, అడవివరం మీదుగా కొండెక్కాం. ఒక్క చప్పుడుంటే ఒట్టు! మావారి మొహంలో గర్వం చూడాలి.

కొండ మీద కారు ఆగింది. ఇంజను ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో 'టక్కు'మంది.

ఉలిక్కిపడి చూశాను. అత్తయ్యగారు రెండు చేతులతో కుడికాలు ఎత్తి బయట పెట్టుకుంటున్నారు. ఆ చప్పుడు ఆవిడ మోకాలిది.

"ఎప్పణ్ణించి అత్తయ్యా?"

"మీ మామగారి సంవత్సరీకాలప్పటి నుంచీ అమ్మాయ్. కారు మీద పెట్టేస్తే మీరెవరూ అడగరని..."

రెండేళ్ళు! కత్తిపీట మానేసి, "బల్ల మీదైతే వెలుతురు బావుంటుంది" అని చాకుతో కూరలు తరగడం మొదలుపెడితే, అత్తయ్య మోడరన్ అయిపోయారని మురిసిపోయాను నేను. తులసికోట చుట్టూ ప్రదక్షిణాలు మానేసి దణ్ణంతో సరిపెట్టుకుంటే, ఓపిక లేదు కాబోలనుకున్నాను. గ్రైండర్ బెల్టు చప్పుడు పక్కగదిలోంచి వినే చెవి ఇది!

డాక్టరు ఫిల్ము చూసి, "మోకాలి గుజ్జు అరిగిందమ్మా" అన్నారు. తొడ కండరాలకి వ్యాయామం చెయ్యమన్నారు. ఆపరేషన్ మాట ఆర్నెల్ల తరవాత చూద్దామన్నారు. మావాడు ఊరుకోకుండా, "నానమ్మా, నీకూ రెండు పక్కలా కొత్త పార్టులు వేయిద్దాం" అన్నాడు.

"ముందు మీ నాన్నని ఆ పానా దాచెయ్యమను" అన్నారావిడ.

ఇప్పుడు రోజూ పొద్దున్నే మావారు పక్కన నిలబడి అంకెలు లెక్కపెడుతూ వాళ్ళమ్మ చేత వ్యాయామం చేయిస్తున్నారు. "ఎలా ఉంది అత్తయ్యా?" అంటే, "బాగానే ఉంది" అంటారావిడ, ఎప్పటిలాగే. ఆ మాట నేనిప్పుడు నమ్మడం లేదు. మావారు చక్రం ఊపి చూసినట్టు, చెయ్యి పట్టుకుని నాలుగు మెట్లు ఎక్కించి చూస్తాను.