పిజ్జా పుట్టింట్లో మూడు రోజులు

మన దగ్గర పిజ్జా అంటే అట్టపెట్టెలో ఇంటికొచ్చే తిండి. పైన క్యాప్సికం, మొక్కజొన్న గింజలు, పనీరు ముక్కలు... ఎన్ని రకాలు వేస్తే అంత ఘనం. అదే పిజ్జా పుట్టిన ఊరు నేపుల్స్‌లో అయితే లెక్క తిరగబడుతుంది. అక్కడ పైన ఎంత తక్కువ ఉంటే ఆ కొట్టుకి అంత పేరు! ఇటలీకి దక్షిణాన, వెసూవియస్ అగ్నిపర్వతానికి ఎదురుగా, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఈ ఊరిని స్థానికులు నాపోలి అంటారు. ఆ ఊరివాళ్లు మెచ్చి తినే పిజ్జా ఎక్కడుందో వెతుక్కుంటూ మూడు రోజులు ఆ సందుల్లో తిరిగాం, నేనూ మా అమ్మా.

అమ్మ శుద్ధ శాకాహారి. అంతకుముందు రోమ్‌లో ఉన్న నాలుగు రోజులూ వెంట తెచ్చుకున్న చేగోడీలు, కారప్పొడి, బ్రెడ్డు, పళ్లతోనే గడిపేసింది. నేపుల్స్ చేరేసరికి చేగోడీల డబ్బా అడుగంటింది. కాబట్టి ఈ వెతుకులాట నాకు సరదా మాత్రమే కాదు, అవసరం కూడా!

ఫొటోకా... కడుపుకా?

రోమ్ నుంచి వేగంగా వెళ్లే రైలెక్కితే సుమారు గంటా పావులో నేపుల్స్. స్టేషన్ దాటి పాతబస్తీలోకి అడుగుపెడితే, రెండు చేతులు చాపితే రెండు వైపులా గోడలు తగులుతాయేమో అన్నంత ఇరుకు సందులు. పైన ఈ ఇంటి బాల్కనీ నుంచి ఆ ఇంటి బాల్కనీకి కట్టిన తాళ్లమీద బట్టలు ఆరుతుంటాయి. కింద స్కూటర్లు మనల్ని ఒరుసుకుంటూ పోతుంటాయి. గల్లీ గల్లీకీ ఓ చిన్న గూడు, అందులో మేరీమాత, ముందు దీపం. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన ప్రాంతం ఇది. చూడటానికి మాత్రం ప్రదర్శనశాలలా ఉండదు. జనం కాపురాలు చేసుకుంటున్న పేటలాగే ఉంటుంది.

మేం దిగింది సానిటా అనే పేటలో, ఓ పాత మేడలో అద్దెకిచ్చే గదిలో. ఇంటావిడకి యాభై దాటి ఉంటాయి. వచ్చీరాని ఇంగ్లిషులో బాగానే మాట్లాడుతుంది. సామాన్లు దించగానే నేనడిగిన మొదటి ప్రశ్న: ‘ఇక్కడ మంచి పిజ్జా ఎక్కడ దొరుకుతుంది?’

ఆవిడ నవ్వి ఎదురు ప్రశ్న వేసింది... ‘ఫొటోకా, కడుపుకా?’

ఫొటోకైతే నేపుల్స్‌లో కొదవలేదు. రైల్వేస్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలోనే ‘దా మికేలె’ ఉంది. 1870 నాటి కొట్టు. చాలాకాలం అక్కడ దొరికింది రెండే రకాలు... మరినారా, మార్గరీటా. ‘ఈట్ ప్రే లవ్’ పుస్తకం 2006లో, దాని ఆధారంగా జూలియా రాబర్ట్స్ నటించిన సినిమా 2010లో వచ్చాక ఆ కొట్టు పేరు ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు టోకెన్ తీసుకుని, మన నంబరు పిలిచేదాకా రోడ్డుమీద నిలబడాలి. వియా దెయ్ త్రిబునాలి అనే వీధిలో ‘దీ మత్తెయో’ ఉంది. 1994లో జీ-7 సమావేశానికి వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ అక్కడ పిజ్జా తిన్నాడు. అదే వీధిలోని ‘సోర్బిల్లో’ది 1935 నుంచీ ఇదే వ్యాపారం. 1738లో బండిలా మొదలై, 1830 నుంచి బల్లలు వేసి వడ్డిస్తున్న ‘పోర్ట్ఆల్బా’ అన్నిటికన్నా పాతదని చెబుతారు.

ఇక రాజభవనం దగ్గరున్న ‘బ్రాండి’ కథ జగమెరిగింది. 1889లో ఇటలీ రాణి మార్గరీటా ఈ ఊరొచ్చినప్పుడు రఫాయెలె ఎస్పొసితో అనే వంటవాడు మూడు రకాల పిజ్జాలు చేసిపెట్టాడనీ, వాటిలో టమాటా, మొజరెల్లా, తులసిజాతి ఆకు బేసిల్ వేసింది రాణికి నచ్చి ఆమె పేరే స్థిరపడిందనీ అంటారు. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ... అచ్చం ఇటలీ జెండా! ఈ కథ అంతా నిజం కాదన్నది కొందరు చరిత్రకారుల మాట. అంతకు ముప్ఫై ఏళ్ల క్రితమే టమాటా, జున్ను, బేసిల్ వేసిన పిజ్జాలు ఈ ఊళ్లో ఉన్నాయని వాళ్లు రాతపూర్వకంగా చూపిస్తారు.

ఈ కొట్లలో తినొద్దని ఎవరూ అనరు. అయితే వరసలో మన ముందూ వెనకా ఉన్నవాళ్లలో ఎక్కువమంది మనలాంటి యాత్రికులే. ఊరివాళ్లు ఎక్కడ తింటారన్నది వేరే ప్రశ్న.

ఈరోజు తిను... వారానికి ఇవ్వు

ఆ ప్రశ్నకి జవాబు దొరకాలంటే పిజ్జా ఎవరికోసం పుట్టిందో తెలియాలి. ఒకప్పుడు ఐరోపాలోని పెద్ద నగరాల్లో నేపుల్స్ ఒకటి. రేవులో మూటలు మోసేవాళ్లు, ఏ పూటకాపూట కూలి వెతుక్కునేవాళ్లు వేలమంది ఉండేవారు. ఇంట్లో వండుకునే చోటుండదు, వంటచెరకు కొనే డబ్బుండదు. వీధిలో చవగ్గా దొరికి, నిలబడి తినేసే తిండి కావాలి. అదే పిజ్జా. ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా 1843లో ప్రచురించిన తన యాత్రా రచనలో ఈ ఊరి పేదలు చలికాలం పిజ్జా, ఎండాకాలం పుచ్చకాయ తిని బతుకుతారని రాశాడు. బజార్లో ఏ సరుకు చవకో, ఏది ప్రియమో పిజ్జా ధర చూసి చెప్పొచ్చన్నది ఆయన పరిశీలన.

ఆ కొద్ది డబ్బులూ లేనివాళ్లకి మరో దారి ఉండేది. ‘ఇవాళ తిను, ఎనిమిది రోజులకి ఇవ్వు’ అనే అరువు పిజ్జా! 1954లో వితోరియో డిసికా తీసిన ‘లోరో ది నాపోలి’ సినిమాలో ఓ కథ పేరే ‘అరువు పిజ్జాలు’. అందులో పిజ్జాలమ్మే యువతిగా కనిపించింది సోఫియా లోరెన్.

1884లో మతిల్దె సెరావో అనే నేపుల్స్ రచయిత్రి, పాత్రికేయురాలు తన ఊరి పేదరికం గురించి ఓ పుస్తకం రాసింది. అందులో ఓ ముచ్చట చెబుతుంది. నేపుల్స్ వ్యాపారి ఒకతను రోమ్ వెళ్లి పిజ్జా కొట్టు పెట్టాడట. మొదట్లో కిటకిటలాడిన కొట్టు కొన్నాళ్లకే వెలవెలబోయిందట. ఊరు దాటితే రుచి పోయిందన్నమాట! ఆ తర్వాత పిజ్జా ప్రపంచాన్నే గెలిచిందనుకోండి, అది వేరే సంగతి.

తొంభై సెకన్ల పరీక్ష

‘మరి మంచిదేదో తెలిసేదెలా?’ అనడిగాను ఇంటావిడని. ‘మూత లేని వంట ఇది. దాచడానికేం ఉండదు’ అంది.

నిజమే. అసలు సిసలు పిజ్జాని కాపాడుకోవాలని నేపుల్స్ వంటవాళ్లు 1984లో ఓ సంఘం పెట్టుకున్నారు. 2010లో ఐరోపా సమాఖ్య నేపుల్స్ పిజ్జాని సంప్రదాయ వంటకంగా గుర్తించి, ఎలా చేయాలో నిబంధనలు రాసింది. పిండిలో గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ తప్ప మరేం కలపకూడదు. గంటల తరబడి నాని పొంగాలి. అప్పడాల కర్ర తాకకూడదు, చేత్తోనే ఒత్తాలి. వెడల్పు 35 సెంటీమీటర్లు దాటకూడదు. నడుమ 4 మిల్లీమీటర్ల మందం, అంచు 1 నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తు. కట్టెల పొయ్యి వేడి 485 డిగ్రీల దాకా ఉండాలి. కాలడానికి పట్టేది 60 నుంచి 90 సెకన్లు మాత్రమే! మనం దోసె తిరగేసి తీసేలోపు అక్కడ పిజ్జా పళ్లెంలోకి వచ్చేస్తుంది. ఈ చేతిపనికి 2017లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. ఊరి మొత్తంమీద మూడు వేల మంది దాకా ఈ పనిలో ఉన్నారని అప్పుడు లెక్క చెప్పారు.

ఆ వేడికి అంచుమీద చిరుతపులి మచ్చల్లా నల్లటి చుక్కలు పడతాయి. అవి మాడుమచ్చలు కావు, మంచి గుర్తులు. అంచు నొక్కి వదిలితే మళ్లీ పైకి లేవాలి. నడుమ భాగం మెత్తగా, తడిగా ఉంటుంది. ‘సరిగ్గా కాలలేదు’ అని మనవాళ్లు వెనక్కి పంపిస్తారేమో, ఆ తీరే అంత! తిన్న గంటకి కడుపు బరువుగా, విపరీతంగా దాహంగా ఉంటే పిండి సరిగ్గా పొంగలేదని అక్కడివాళ్లు తేల్చేస్తారు.

సరుకులూ చుట్టుపక్కలవే. శాన్ మర్జానో టమాటాలు వెసూవియస్ దగ్గరి సార్నో లోయవి. గేదెపాల మొజరెల్లా కూడా ఈ ప్రాంతానిదే. రెండింటికీ 1996లో ఐరోపా నుంచి ప్రాంతీయ గుర్తింపు వచ్చింది.

పేరు రాయొద్దు!

రెండోరోజు రాత్రి ఎనిమిదింటికి ఇంటావిడే మమ్మల్ని తీసుకెళ్లింది. రెండు మలుపులు తిరిగితే ఓ చిన్న కొట్టు. లోపల ఆరు బల్లలు. ఓ మూల కట్టెల పొయ్యి, దాని ముందు తెల్ల టోపీ పెద్దాయన. గోడమీది పట్టికలో పది రకాలకి మించి లేవు. పక్క బల్లమీద తాత, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. పిల్లలకీ చెరొక పూర్తి పిజ్జా. పంచుకోవడం ఆ ఊరి పద్ధతి కాదు, ముక్కలు కోసి తేవడమూ ఉండదు. చాకూ ఫోర్కూ ఇస్తారు, మనమే కోసుకోవాలి.

అమ్మకోసం మరినారా చెప్పాం. పేరు ‘నావికుల పిజ్జా’ అయినా ఇందులో చేపముక్క ఉండదు. టమాటా, వెల్లుల్లి, వాము వాసనకి దగ్గరగా ఉండే ఒరెగానో, ఆలివ్ నూనె... అంతే. జున్ను కూడా ఉండదు.

‘ఏమే, దీనిమీద ఏమీ వెయ్యలేదేంటి?’ అంది అమ్మ పళ్లెం చూడగానే. ఓ ముక్క నోట్లో పెట్టుకుంది. ఇంకో ముక్క కోసుకుంది. తర్వాత మాట్లాడలేదు. అంచుతో సహా పూర్తిచేసి, ‘వెల్లుల్లి కారం రాసిన వేడి రొట్టెలా ఉంది. పిండి బాగా నానబెట్టాడు’ అని తీర్పిచ్చింది. ఇంటావిడ అది పెద్దాయనకి చెబితే ఆయన పొయ్యి దగ్గర్నుంచే చెయ్యి గుండెమీద పెట్టుకుని తల వంచాడు. ఇద్దరి పిజ్జాలూ, నీళ్లసీసా కలిపి 14 యూరోలు.

బయటికొచ్చాక కొట్టు పేరు రాసుకుంటుంటే ఇంటావిడ నా చెయ్యి పట్టుకుంది. ‘రుచి గురించి రాయి. పేరు మాత్రం రాయొద్దు’ అంది. ఎందుకో కూడా చెప్పింది. పెళ్లికాకముందు నుంచీ వాళ్లింటిల్లిపాదీ ప్రతి శనివారం వెళ్లే కొట్టొకటి ఉండేదట. టీవీలో దాన్ని చూపించాక ముందు వరస మొదలైంది. తర్వాత ధర పెరిగింది. ఆ తర్వాత వాళ్ల పిల్లలకి అక్కడ బల్ల దొరకడం మానేసింది.

పాతబస్తీలో ఇప్పుడు ఇళ్లకి ఇళ్లే యాత్రికుల గదులుగా మారుతున్నాయి. అద్దెలు పెరిగి పాతకాపులు ఊరి చివరికి తరలిపోతున్నారు. తన మేడలోనూ మూడు కుటుంబాలు ఖాళీచేశాయని చెప్పి, ‘నేనూ గది అద్దెకిస్తున్నానుగా, ఎవర్ననను?’ అంది నవ్వుతూ. పిండి తేడా వస్తే పక్కింటి తాత నిలదీస్తాడన్న భయమే ఆ పెద్దాయన పొయ్యిని నిజాయతీగా ఉంచుతోంది. ఆ తాత వెళ్లిపోయి, జీవితంలో ఒక్కసారి మాత్రమే వచ్చే మనలాంటివాళ్లే మిగిలితే నిలదీసేదెవరు? పొయ్యి, పిండి, టమాటా ఎక్కడైనా దొరుకుతాయి. వారం వారం తిని తప్పు చెప్పే పొరుగువాళ్లు దొరకరు. ఆ ఊరి రుచి రహస్యం అదేననిపించింది. అందుకే పేరు రాయడం లేదు.

మీరు వెళ్తే...

అలాంటి కొట్టు మీరే కనిపెట్టొచ్చు. వీధిలో నిలబడి పిలిచే మనుషులు, ఫొటోలతో నిండిన అయిదారు భాషల పట్టికలు ఉంటే ముందుకి నడవండి. చాలా పేటకొట్లు మధ్యాహ్నం మూడు, నాలుగింటికి మూసి మళ్లీ రాత్రి ఏడు తర్వాతే తెరుస్తాయి. కొన్నిటికి ఆదివారం సెలవు. మొదటిసారి మార్గరీటా లేదా మరినారాయే అడగండి. ఆ రెండూ బాగా చేయనివాడు మిగతావి బాగా చేయడు. మార్గరీటా మామూలుగా 5 నుంచి 8 యూరోలు. బిల్లులో ‘కోపెర్తో’ అని మనిషికి ఒకటి రెండు యూరోలు కనిపిస్తే కంగారుపడొద్దు, అది బల్ల రుసుము. కూర్చునే తీరిక లేకపోతే నాలుగు మడతలు పెట్టి కాగితంలో చుట్టిచ్చే ‘పోర్తఫోల్యో’ పిజ్జా తీసుకుని నడుస్తూ తినొచ్చు.

శాకాహారులకి రెండు మాటలు. ఇటలీలో ‘పెపెరోని’ అంటే మాంసం కాదు, క్యాప్సికం! ‘సెంత్సా కార్నె, సెంత్సా పెషె’ అంటే మాంసం, చేప వద్దని అర్థం. వేయించిన పిజ్జాలో పందిమాంసపు ముక్కలు పెట్టడం మామూలే కాబట్టి అడిగి తినాలి. అక్కడి జున్నుల్లో చాలావాటిని దూడ కడుపు నుంచి తీసే పదార్థంతో విరగ్గొడతారు. ఆ పట్టింపు ఉన్నవాళ్లకి మరినారాయే శ్రేయస్కరం.

ఇంకొక్కటి. తాగిన కాఫీతోపాటు ముక్కూ మొహం తెలియని పేదవాడికోసం మరో కాఫీకి డబ్బు కట్టిపోయే ఆచారం నేపుల్స్‌లో ఉంది. దాన్ని ‘సొస్పేసో’ అంటారు. కొన్ని పిజ్జా కొట్లూ అదే పద్ధతి పాటిస్తాయి. మూడోరోజు సానిటాలో అలాంటి కొట్టొకటి కనిపిస్తే, అమ్మ పర్సులోంచి అయిదు యూరోల నోటు తీసి బల్లమీద పెట్టింది. ‘మరినారాయే ఇమ్మని చెప్పవే, అదైతే ఎవరైనా తింటారు’ అంది.