పురిటిబిడ్డ జబ్బు, తల్లిపై నింద

మా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో పురిటిబిడ్డ పాలు కుడువక పాలిపోయినచో పెద్దలు మొదట పక్షిదోషమందురు. పిమ్మట తల్లి గ్రహణమునాడు వెలుపలికి వచ్చినదేమో, తినరానిది తిన్నదేమో యని ఆరా తీయుదురు. బాలింత తల వంచుకొని యూరకుండును. ఆ మౌనమును మేము పలుమారు చూచితిమి. అట్టి తల్లుల పక్షమున నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

అట్టి శిశువులలో మిక్కిలి అరుదుగా ఒకరికి లుకేమియా యను రక్తపు కాన్సరు ఉండును. ఎముకల మూలుగలో పుట్టు తెల్లకణములు పక్వము గాకయే అదుపు తప్పి పెరిగి, మంచి రక్తమునకు చోటు లేకుండ జేయుటయే యీ వ్యాధి. పుట్టుకతోనే యిది కానవచ్చు బిడ్డలు పదిలక్షల కాన్పులలో వ్రేళ్లపై లెక్కింపదగినంత మందియే. గర్భముననే కణముల జన్యువులలో కలుగు మార్పు దీనికి మూలము. ఒకే మావిని పంచుకొనిన కవలలలో ఈ కణములు ఒకరి నుండి మఱియొకరికి రక్తము వెంట చేరుటను వైద్యులు కనుగొనిరి. గ్రహణమునకు గాని, చనుబాలకు గాని యిందు ప్రమేయము లేదు. ఇది అంటువ్యాధియు కాదు.

ఒడలు పాలిపోవుట, చర్మముపై సూదిమొనలవంటి ఎఱ్ఱని చుక్కలు, నీలిరంగు గడ్డలు, కాలేయము ప్లీహము పెరిగి కడుపు ఉబ్బుట దీని గుర్తులు. ఇతర వ్యాధులలోను ఇవి కలుగును గనుక రక్తపరీక్ష చేసినగాని నిజము తెలియదు. వాతలు పెట్టినచో కాలము పోవును, పుండు మిగులును. డౌన్ సిండ్రోముతో పుట్టిన కొందఱు శిశువులకు లుకేమియాను పోలిన స్థితి కలిగి, కొలది నెలలలో తనంతట తగ్గుటయు కలదు. అయినను వైద్యుడు కనిపెట్టి చూచుచుండవలెను.

ఈ వ్యాధి మందుల చరిత్రలో మన తెలుగువానికిని స్థానము కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో అమినోప్టెరిన్ అను మందును సిద్ధపఱచెను. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు దానిని 16 మంది పిల్లల కీయగా 10 మందికి గుణము కనిపించినదని 1948లో ప్రకటించెను. ఆ గుణము తాత్కాలికమే; అయినను అంతకుముందు ఆపాటి ఆశయు లేదు. సుబ్బారావుగారు ఆ యేటనే గతించిరి. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేటును నేటికిని వాడుచున్నారు. మన వాకిట పూయు బిళ్లగన్నేరు నుండి తీసిన విన్‌క్రిస్టిన్ మఱియొక మందు. అట్లని ఇంట ఆ యాకు పసరు పోయరాదు, అది విషము.

నేడు తగిన చికిత్స దొరకిన పిల్లలలో పెక్కురు కోలుకొనుచున్నారు. ఏడాది నిండని శిశువులకు మాత్రము అంత ఆశ లేదు. ఈ మాట దాచుట న్యాయము కాదు. చికిత్స ఫలించినను, ఫలింపకున్నను తల్లి మాత్రము దోషి కాదు.

అత్తగారలారా! పసిబిడ్డ పాలిపోయిననాడు కోడలిని ప్రశ్నింపకుడు. బండి పిలిపించి, ఆమె చేయి పట్టుకొని, మీరును ఆసుపత్రికి వెళ్లుడు.