తాతయ్య జోంగా
మా తాతయ్య ఆర్మీ డ్రైవర్. రిటైరయ్యాక వేలంలో కొన్న జోంగా భవానీపురంలో మా ఇంటి ముందు ఏళ్లుగా తుప్పు పట్టింది. నిస్సాన్ డిజైన్‌తో జబల్‌పూర్‌లో తయారైన బండి. 1999లో తయారీ ఆగిపోయింది. ఆరు సిలిండర్లు, దాదాపు 4 లీటర్ల పెట్రోల్ ఇంజన్. పెట్రోలు మంచినీళ్లలా తాగేస్తుంది.

"డీజిల్ ఇంజన్ వేయిద్దాం తాతయ్యా" అని లెక్కలేసి ఒప్పించింది నేనే. ఆటోనగర్‌లో రేకులు మార్పించాం. ఆలివ్ గ్రీన్ సైన్యానికే కాబట్టి బూడిద రంగు వేయించాం.

బండి వచ్చిన రోజు తాతయ్య స్టార్ట్ చేసి, ఒక్క నిమిషం విని ఆపేశారు.

"బానే ఉందిరా. కానీ ఇదెవరి బండో."

పాత ఇంజన్ ఇంకా అమ్మలేదు. మెట్ల కింద గోనెపట్టా కప్పి ఉంది. ఈ సెలవుల్లో దాన్ని విప్పుతున్నా. స్పానర్లు తాతయ్యే అందిస్తున్నారు.