చంటిబిడ్డ పని

నగరంలో పని కోసం వెతుక్కునే స్త్రీలకు దొరికే ఇంటిపనుల్లో చంటిబిడ్డను చూసే పనిది వేరే తరహా. వంటమనిషి మారితే ఇంటిల్లిపాదీ నాలుగు రోజుల్లో కొత్త రుచికి అలవాటు పడతారు. ఏడాది నిండని బిడ్డను ఎత్తుకునే చేతులు మారితే మాత్రం ఆ మార్పు బిడ్డ నిద్రలోనూ ఆకలిలోనూ ఏడుపులోనూ కనిపిస్తుంది. అయినా హైదరాబాద్ వంటి నగరాల్లో ఈ పనికి మనిషిని కుదుర్చుకునే పద్ధతి అంట్లకూ బట్టలకూ మనిషిని కుదుర్చుకునే పద్ధతిలాగే, జీతం ఎంత, రేపటి నుంచి రాగలవా అన్న రెండు ప్రశ్నలతో ముగిసిపోతోంది.

పని ఎక్కువగా నోటిమాట మీదే దొరుకుతుంది. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య, అదే బ్లాకులో వంట చేసే పిన్ని, ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసే ఊరి మనిషి కబురు తెస్తారు. అటువంటి దారి లేనివారు ఏజెన్సీలో పేరు రాయించుకుంటారు. ఏజెన్సీలు ఈ పనిని రకాలుగా విడగొట్టాయి. ప్రసవమైన తరువాత తొలి 40 రోజులూ తల్లినీ బిడ్డనూ కలిపి చూసుకోవడాన్ని హిందీ నుంచి వచ్చిన మాటతో ‘జాపా’ పని అంటారు. యజమాని ఇంట్లోనే తిని పడుకుంటూ రాత్రీ పగలూ బిడ్డ దగ్గర ఉండడం ‘ఉండి చేసే’ పని. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోవడం ‘వచ్చిపోయే’ పని. కుదిర్చినందుకు ఏజెన్సీ కమీషన్ తీసుకుంటుంది, కుదిరిన మనిషి నచ్చకపోతే ఇంకొకరిని పంపుతామని హామీ ఇస్తుంది. ఈ హామీకే ‘రీప్లేస్‌మెంట్’ అని పేరు.

ఈ వ్యాపారంలో అన్నిటికంటే నిశితంగా పరిశీలించవలసింది ఆ హామీనే. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదికలో, పసిబిడ్డ మానసిక ఆరోగ్యానికి తల్లితో గానీ, ఆమె స్థానంలో స్థిరంగా నిలిచే మరొకరితో గానీ ఆత్మీయమైన, తెగిపోని సంబంధం అవసరమని వాదించాడు. బిడ్డ తనను సాకే మనిషితో ఏర్పరచుకునే ఈ బంధాన్ని వివరించే ఆలోచనా ధారకే తరువాత అనుబంధ సిద్ధాంతమని పేరు వచ్చింది. లండన్‌లో సంపన్న కుటుంబంలో పుట్టిన బౌల్బీని చిన్నతనంలో ఎక్కువగా సాకింది ఒక ఆయా. అతనికి సుమారు నాలుగేళ్లప్పుడు ఆమె పని మానేసి వెళ్లిపోగా, ఆ వెళ్లిపోవడం తల్లిని పోగొట్టుకోవడంతో సమానమైన దుఃఖంగా అతనికి జీవితాంతం గుర్తుండిపోయింది. అటువంటి మనిషిని వస్తువు మార్చినట్టు మార్చి ఇస్తామన్న హామీ బిడ్డకు గానీ ఆ మనిషికి గానీ మేలు చేసేది కాదు.

చాలా ఇళ్లలో ఆయా కోసం వెతుకులాట మొదలయ్యే సమయం కూడా బిడ్డకు అనుకూలమైనది కాదు. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినప్పటి నుంచి తొలి రెండు కాన్పులకు 26 వారాల సెలవు ఉంటున్నది కనుక, ఉద్యోగం చేసే తల్లి బిడ్డకు ఆరో నెల దాటుతున్నప్పుడు ఆఫీసుకు వెళ్లక తప్పదు. దాదాపు అప్పటినుంచే బిడ్డ తెలిసిన ముఖానికీ తెలియని ముఖానికీ తేడా గట్టిగా పట్టించుకోవడం, కొత్తవారు ఎత్తుకోబోతే బెదిరి ఏడవడం మొదలుపెడుతుంది. సెలవు ముగియడానికి కనీసం ఒక నెల ముందే ఆయా ఇంట్లోకి వచ్చి, తల్లి పక్కన ఉండగానే బిడ్డ వాసనా ఏడుపూ నిద్రా తెలుసుకోవాలి. ఆ నెల జీతం దండగ ఖర్చని వెనకాడే కుటుంబాలు ఆలోచించవలసిన విషయమిది.

ఆయాకు తెలిసిన విద్య చిన్నదేమీ కాదు. కాళ్లు చాపుకొని కూర్చుని, బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండితో మెత్తగా నలిచి, చెవిలోకి చుక్క పోకుండా అరచేయి అడ్డం పెడుతూ గోరువెచ్చని నీళ్లు పోయడం చూసినవారికి, అందులో ఎంత ఒడుపు ఉన్నదో చెప్పనక్కరలేదు. పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకుని వీపు నిమురుతూ తేన్పు తెప్పించడం, ఆకలి ఏడుపునూ నిద్ర ఏడుపునూ విడదీసి గుర్తుపట్టడం కూడా ఈ విద్యలోవే. కొన్ని పాత అలవాట్లను మాత్రం వైద్యులు వద్దంటారు: ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయకూడదు, సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఏడాది లోపు తేనె నాకించకూడదు, తల్లిపాలు తాగే బిడ్డకు ఆరు నెలల దాకా మంచినీళ్లు సైతం అక్కరలేదు, నిద్రకు ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి. పిండి ఉంచిన తల్లిపాలు చల్లని గదిలో 4 గంటల వరకు, ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు పనికొస్తాయన్నది ఇప్పటి ఆయాలు కొత్తగా నేర్చుకుంటున్న పాఠం. ఇవి మర్యాదగా, కారణంతో సహా చెబితే పెద్దవయసు ఆయాలు కూడా వింటారు. “నీకేం తెలుసు” అన్న ధోరణిలో చెబితే ఎవరూ వినరు.

కుదుర్చుకునే వేళ కుటుంబం ఆయాను పరీక్షిస్తుంది, ఆధార్ నకలు అడుగుతుంది, పోలీసు తనిఖీ చేయిస్తుంది. ఇందులో తప్పు లేదు. ఆయా కూడా ఆ ఇంటిని అంతే శ్రద్ధగా పరీక్షించాలి. రాత్రి ఎక్కడ పడుకోవాలి, బిడ్డ రాత్రంతా మేలుకుంటే పగలు కన్నుమూసే వేళ ఏది, వారానికి సెలవు ఏ రోజు, కెమెరాలు ఏ గదుల్లో ఉన్నాయి, జీతం ఏ తేదీన ఇస్తారు అన్నవి మొదటి రోజే అడగవలసిన ప్రశ్నలు. అన్నిటికంటే ముఖ్యమైనది పని హద్దు: “పాప పని ఒక్కటే అమ్మా” అని పిలిచిన ఇంట్లో, పాప నిద్రపోయిన అరగంటలో అంట్లూ, ఆపైన బట్టలూ వచ్చి చేరడం ఈ పని చేసేవారందరికీ అనుభవమే. అసలు ఆధార్ కార్డును మాత్రం ఎవరి దగ్గరా ఉంచకూడదు.

చట్టం ఈ ఒప్పందానికి ఇచ్చే అండ ఇప్పటికీ పలుచనే. ఇంటిపనివారికి మర్యాదగల పని కోరుతూ అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికకు భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది గానీ ఆమోదముద్ర వేయలేదు. పనిచోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం యజమాని ఇంటిని కూడా పనిచోటుగా గుర్తించి, ఫిర్యాదు కోసం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీని చూపుతుంది. ఈ సంగతి తెలిసిన ఆయాలు తక్కువ. ఇంటిపనివారి కోసం చట్టం తెచ్చే విషయాన్ని నిపుణుల కమిటీ చేత పరిశీలింపజేయాలని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రాన్ని ఆదేశించింది.

ఉండి చేసే పనిలోకి వచ్చే స్త్రీ చాలాసార్లు తన సొంత బిడ్డను ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలి వస్తుంది. సంక్రాంతికి నాలుగు రోజుల సెలవూ, రాత్రిపూట ఊరికి ఫోన్ చేసుకునే తీరికా ఇవ్వడం కుటుంబం తలచుకుంటే పెద్ద పనేమీ కాదు. బిడ్డ బడికి వెళ్లే వయసు వచ్చాక ఆమె పని ముగుస్తుంది. చేతిలో కాగితం లేకపోతే ఎన్నేళ్ల అనుభవం ఉన్నా తరువాతి ఇంట్లో మళ్లీ కొత్తమనిషి జీతమే. కాబట్టి బిడ్డను ఏ నెల నుంచి ఏ నెల దాకా చూసింది, రాత్రులు ఉన్నదా, జబ్బు చేసినప్పుడు ఎలా చూసుకున్నది, సీసాలు ఉడికించడం, పాలు నిల్వ ఉంచడం తెలుసునా అన్నవి రాసి, ఫోన్ నంబరుతో సంతకం చేసిన ఒక పేజీ ఉత్తరాన్ని ఆఖరి నెల జీతంతో పాటు ఇవ్వడం కుటుంబం బాధ్యత. ఇవ్వకపోతే అడిగి తీసుకోవడం ఆయా హక్కు.