అన్నగారి పైపులు

పొగాకు వాసనకే ముఖము చిట్లించుకొను మేము నేడు పైపులను గూర్చి వ్రాయబూనుట మీకు వింతగా దోచవచ్చును. మాకును వింతగనే యున్నది.

మా అన్నగారు డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగన్‌లో ఇంజనీరుగా నుండి, నిరుడు గొంతు క్యాన్సరుతో కాలధర్మము నొందిరి. వేసవి సెలవులలో మావారును మేమును వెళ్లి వదినగారికడ నెల దినములుంటిమి. అద్దపు బీరువాలో నలువది పైపులు బారులు తీరియుండెను. “వీనిని చూచిన నా ప్రాణము మండుచున్నది. చెత్తలో వేయుము అమ్మాయీ!” అనిరి వదినగారు. “అవి ఏమియో తెలిసికొనక పారవేయరాదు” అనిరి మావారు. మేము మాత్రము ఒకదానిని తళతళలాడునట్లు రుద్దితిమి. దానిపై ముద్ర సగము మాసిపోయెను.

ఆ రాత్రి అన్నగారి నోటుపుస్తకమును, ఆయన కొన్న గ్రంథములను చదివితిమి. బ్రయర్ అనునది మధ్యధరా సముద్రప్రాంతపు పొద. వేరును కాండమును కలియుచోట దానికి గడ్డవంటి బుడిపె పెరుగును. దానిని త్రవ్వి, కోసి, గంటలకొలది నీట నుడికించి, నెలల తరబడి ఆరబెట్టుదురు. ఆ కొయ్య నిప్పు వేడికి సులభముగా కాలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున డెన్మార్కునకు బ్రయర్ అందకపోగా, పౌల్ నీల్సెన్ అనునాతడు బీచ్ కొయ్యతో పైపులు చేయించెను. యుద్ధానంతరము బ్రయర్ తెప్పించెను. స్టాన్వెల్ పైపులు ఆతనివే.

స్వీడన్‌లో 1910లో జనించిన సిక్స్‌టెన్ ఈవార్సన్ కోపెన్‌హాగన్‌లో పైపుల మరమ్మతు చేయుచు స్వయముగా చేయ నారంభించెను. ముందుగా రంధ్రములు తొలిచి ఆకారమును దిద్దుట పూర్వపద్ధతి. ఈతడు కొయ్యలోని చారల పోకడ ననుసరించి ముందు ఆకారమును చెక్కి, పిమ్మట రంధ్రములు తొలిచెను. నేత చూచి రవికెగుడ్డకు కత్తెర వేయు నేర్పరితనము వంటిదే యిది. పాతవానిని కొనువారు పగుళ్లును, పంటిగాట్లును, ముద్రయు పరీక్షింతురట. ముద్ర చెరిగిన వెల తగ్గునట! మేము తల వంచుకొంటిమి.

ఒక చిన్న పైపునకెదుట “ఆన్ జూలీ” అని వ్రాసియుండెను. ఆమె భర్తయగు పౌల్ రాస్ముసెన్ పైపులు చేయువాడు. 1967లో ఆతడు మరణింపగా, ఆమె పనిశాలను మూయక తానే పనిముట్లు చేతబట్టి, తన పేరనే ప్రసిద్ధి గాంచెను. ఈవార్సన్ మనుమరాలు నన్నాయు ఈ వృత్తినే చేపట్టెను.

ఇది చదివి వినిపింపగా వదినగారు “మరల చదువుము” అనిరి. ఆ పైపును చేతబట్టుకొని చాలసేపు మాటాడరైరి. మరునాడు తామే కాగితము తీసికొని పట్టిక వ్రాయ గూర్చుండిరి. మేము పాడుచేసినదానిని గూర్చియు దాపరికము లేక వ్రాసి, ముప్పదితొమ్మిదింటిని సేకరించువారికి విక్రయించిరి. ఆ ధనము ఇంటి అప్పునకు చెల్లెను. తమకు మరల పని చూచుకొనవలెనని వదినగారు మొదటిసారి పలికినది ఆనాడే.

అన్నగారిని బలిగొన్న పొగను మేము నేటికిని క్షమింపము. మీ యిండ్లలో పొగ త్రాగువారుండిన, మా మాటగా చెప్పి మాన్పింపుడు. కాని పోయినవారి వస్తువులను పారవేయుటకు ముందు, అవి ఎవరి చేతిపనియో యొక్కమారు విచారింపుడు. ఆ చిన్న పైపు ఇప్పుడు వదినగారి కుట్టుపెట్టెలో నున్నది. అందులో ఎవ్వరును నిప్పు వేయరు.