రెండు లీటర్లు

2024 జూన్ 19

అమ్మకి ఆక్సిజన్ మిషన్ వచ్చింది. ఐదు లీటర్లది. కింద చక్రాలున్నాయి. మా ఇంట్లో ప్రతి గుమ్మానికీ గడప ఉంది.

తెచ్చినతను గడగడా అప్పజెప్పాడు. గోడకి మూరెడు ఎడం. కర్టెన్లకి దూరం. వెనక ఫిల్టర్ వారానికోసారి కడగాలి. సీసాలో డిస్టిల్డ్ వాటరే, కుళాయి నీళ్లు వద్దు. దగ్గర్లో దీపం, అగరొత్తి పెట్టకూడదు.

అమ్మ ఆ చివరి మాట ఒక్కటే విన్నది.

జూన్ 20

లోపల జియోలైట్ గుళికలు. గాలిలో నైట్రోజన్‌ని అవి పట్టేసుకుంటాయి, మిగిలింది ముక్కుకి. రెండు డబ్బాలు వంతులేసుకుంటాయి. ఒకటి పడుతుంటే రెండోది వదుల్తుంది. టుస్. కాసేపాగి మళ్లీ టుస్.

అమ్మకి చెప్పాను.

"అంటే మనింట్లో గాలే మనకిస్తోందా? దానికా అంత డబ్బు పోశారు?"

జూన్ 23

మిషన్ నుంచి వచ్చేది దాదాపు 93 శాతం. ముక్కు దగ్గర మామూలు గాలి కూడా కలుస్తుంది. నిమిషానికి రెండు లీటర్లకి లోపలికెళ్లేది 28 దగ్గర. బయట గాలిలో ఎటూ 21 ఉంది.

ఏడు పాళ్ల కోసం ఈ హంగామా.

జూన్ 27

రోజుకి 15 గంటలు తగ్గకూడదన్నాడు డాక్టర్. 1981లో అచ్చయిన బ్రిటన్ పరిశోధనలో అన్ని గంటలు ఇచ్చి చూశారు. పెట్టుకున్నవాళ్లు, పెట్టుకోనివాళ్ల కంటే ఎక్కువ బతికారు.

అమ్మ లెక్క వేరు. "మిగతా తొమ్మిదీ నావి."

సీరియళ్లన్నీ ఆ తొమ్మిదిలో పడేలా సర్దుకుంది. మిషన్ రొదలో డైలాగులు వినపడవట.

జూలై 2

మిషన్‌కి పేరు పెట్టింది. అల్లుడు. మూల కూర్చుంటాడు, రొద పెడతాడు, కదిలించకూడదు.

ఈయన పేపర్లోంచి తలెత్తలేదు.

జూలై 9

చూడ్డానికొచ్చిన వాళ్లంతా వెళ్లేముందు పల్స్ మీటర్లో వేలు పెట్టి చూసుకుంటున్నారు. పిన్నికి 99. బాబాయికి 96. బాబాయి కాఫీ తాగకుండా వెళ్లిపోయాడు.

అమ్మకి 90. 88 నుంచి 92 మధ్య ఉంటే చాలన్నాడు డాక్టర్. మా ఇంట్లో ప్రస్తుతం ఆవిడే పాసు.

జూలై 11

పెదనాన్నగారి అబ్బాయి వచ్చాడు. నేను వంటింట్లో ఉండగా మీటర్ ఐదుకి తిప్పాడు. "రెండేంటి, పిసినారితనం కాకపోతే."

సాయంత్రం అమ్మని లేపితే లేవలేదు. లేచినా మత్తుగా ఉంది, తలనొప్పి. అమ్మకున్న ఊపిరితిత్తుల జబ్బులో ఆక్సిజన్ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. తగ్గించి, డాక్టర్‌కి ఫోన్ చేసి, తిప్పే గుండీ మీద ప్లాస్టర్ అంటించాను.

ప్రేమగానే తిప్పాడు. తెలుసు.

జూలై 16

ఆషాఢం. అమ్మ గోరింటాకు పెట్టుకుంది. కడుక్కుని వచ్చాక పల్స్ మీటర్ గీతలు చూపిస్తోంది. చేతులు చల్లబడ్డాయా, గోళ్ల రంగా? కాలి వేలికి పెడదామంటే అక్కడా పెట్టుకుంది.

జూలై 22

ఆస్పత్రి. కొత్త డాక్టర్, పాత ప్రశ్నలు.

సిగరెట్? లేదు. చుట్ట? లేదు. ఇంట్లో ఎవరైనా తాగేవారా? లేదు. పొయ్యి?

అమ్మ నన్ను చూసింది. "గ్యాసొచ్చేదాకా కట్టెలేగా."

రాసుకున్నాడు.

జూలై 25

అటక దులిపితే ఊదుగొట్టం దొరికింది. ఇనుపది. ఒక కొస నల్లగా. పాత సామాన్లవాడికి వేద్దామంటే అమ్మ వద్దంది. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆగస్టు 1

1774లో ఈ రోజే ప్రీస్ట్లీ భూతద్దంతో ఎర్ర పాదరస భస్మాన్ని వేడిచేసి ఈ గాలి పట్టాడు. అందులో కొవ్వొత్తి ధగధగా మండింది. మరుసటి ఏడు ఎలుకని పెట్టి చూశాడు. ఆ తర్వాత తనే పీల్చాడు.

"ఎలుక బతికిందా?"

"బతికింది."

"సరే అయితే" అని గొట్టం పెట్టుకుంది.

ఆగస్టు 5

కరెంటు పోతే ఉంటుందని పెద్ద సిలిండర్. ఒళ్లు నలుపు, మెడ తెలుపు. ఫ్యాక్టరీలకెళ్లేదానికి మెడ కూడా నలుపే. 7000 లీటర్లు. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున 58 గంటలు.

పానా తిరగలేదు. ఎదురింటాయన సాయానికి కొబ్బరినూనె పట్టుకొచ్చాడు. సిలిండర్ కుర్రాడు అరిచిన అరుపుకి ఆయన అక్కడే ఆగిపోయాడు. ఆ ఒత్తిడిలో ఆక్సిజన్‌కి నూనె తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేదు.

అమ్మ ముక్కు ఒరుపుకి రాసే వాజిలిన్ కూడా బీరువాలోకి పోయింది.

ఆగస్టు 7

కుర్రాడు మీటర్ చూడ్డానికి వచ్చాడు. కోవిడ్ మాటొచ్చింది. 2021 ఏప్రిల్ 22న విశాఖ స్టీల్ ప్లాంటు నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్ర వెళ్లాయి. తేదీ నోటికుంది. ఆ రోజుల్లో ఫోన్ ఆపేసి బండిలోనే పడుకునేవాడట.

ఇంకేం చెప్పలేదు. టీ ఇస్తే తాగాడు.

ఆగస్టు 16

వరలక్ష్మీ వ్రతం. దేవుడి గది నుంచి అమ్మ మంచానికి టేపు పెట్టి కొలిచాను. పన్నెండు అడుగులు. దీపానికి ఫరవాలేదు. కానీ హారతి మంచం దగ్గరికి తేకూడదు, అమ్మ కళ్లకద్దుకోకుండా ఊరుకోదు.

మిషన్ తనే ఆపింది. గొట్టం తీసి పక్కనపెట్టి, గోడ పట్టుకుని నడిచి, అద్దుకుని వచ్చింది. చూస్తే 84.

మళ్లీ 90కి రావడానికి చాలాసేపు పట్టింది.

"ఆ ఆరూ అమ్మవారికిచ్చాలే" అంది.

ఆగస్టు 27

మిషన్ 350 వాట్లు. 15 గంటలకి రోజుకి ఐదుంబావు యూనిట్లు. నెలకి 157. బిల్లు చూసి ఈయన మొదటిసారి జోకేశారు. "అసలు అల్లుడు ఇంత తినడు."

అమ్మ నవ్వింది. దగ్గొచ్చింది. నవ్వు మానలేదు.

సెప్టెంబర్ 1

రాత్రంతా వాన. బుడమేరు వాగు పొంగింది. సింగ్‌నగర్‌లో పడవలు తిరుగుతున్నాయట. మా వైపు నీళ్లు రాలేదు, కరెంటు పోయింది. మిషన్ కాసేపు కూత పెట్టి ఊరుకుంది.

సిలిండర్ తిప్పాను. నూనె లేని చేత్తో. రొద లేదు. అమ్మకి నిద్ర పట్టడం లేదు.

సెప్టెంబర్ 3

కరెంటొచ్చింది. సిలిండర్ ముల్లు దాదాపు అడుగున ఉంది. నింపించాలని ఫోన్ చేశాను. కుర్రాడు ఎత్తాడు. వాళ్లది సింగ్‌నగర్. పిల్లల్తో పై అంతస్తులో ఉన్నాడు. బండి మునిగిపోయింది.

"మామ్మగారికి ఎంతుందక్కా?" అన్నాడు.

91.