పద్మారావు నగర్లో పాదయాత్ర

సికింద్రాబాదులో పద్మారావు నగర్ యెరగనివారికి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఒకవంక స్కందగిరి, మరోవంక గాంధీ ఆస్పత్రి. దేవుడూ డాక్టరూ యింత దగ్గర కాపురం వున్న పేటను నేను మరొకటి చూడలేదు. దివాన్ బహదూర్ పద్మారావు మొదలియారు పేర వెలసిన యీ పేటలో తెలుగూ తమిళమూ గోడమీదుగా పలకరించుకుంటాయి. జామచెట్లున్న పెరళ్ళు పోయి మేడలు లేచాయి గాని, పొద్దున్నే ఫిల్టరు కాఫీ వాసనా, కొండమీది సుబ్రహ్మణ్యస్వామి గుడి గంటా మాత్రం అలాగే వున్నాయి.

ఆ గంట రోజూ పిలుస్తూనే వుండేది. వెళ్ళడానికి నాకు కాలే లేదు!

కుడికాలి బొటనవేలి మొదటి కీలు నిద్ర లేవగానే బిగుసుకుపోయేది. మెట్టెక్కబోతే వేలు వంగదు. వంచితే ప్రాణం పోయినంత పని. "యేమండీ, ఆడికృత్తికకి కావళ్ళ వెంట కొండెక్కుతామని మొక్కున్నాను. మీరు రాకపోతే నేనొక్కదాన్నీ యెలా వెళ్ళేది?" అన్నది మా ఆవిడ.

అంత మాట అన్నాక వూరుకుంటానా? యెవరో చెప్పగా సంచీ వైద్యుడొకడి దగ్గర "చైనా మూలికల మాత్రలు" కొన్నాను. వారంలో నొప్పి మాయం! నెల తిరక్కుండా మొహం పూరీలా పొంగింది. రక్తంలో చక్కెర పెరిగింది. డాక్టరుగారు మాత్రలు చూసి, "వీటిలో స్టెరాయిడు కలిసిందని నా అనుమానం. ఒక్కసారిగా మానకండి. నేను చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించండి" అన్నారు. యెక్సురే తీయించారు, యూరిక్ ఆమ్లం చూపించారు. వాపుగౌటు కాదు, కీలు అరిగిందన్నారు. పాదంలో 26 యెముకలు, 33 కీళ్ళు వున్నాయట. అందులో ఒకటి మొరాయించిందన్నమాట!

అసలు చైనావైద్యం మీద కోపం వచ్చింది. కాని అది మోసగాడి తప్పు, చైనా తప్పు కాదుగదా. డాక్టరుగారి అనుమతితోనే సూదివైద్యం చదువుకున్న ఒక వైద్యురాలి దగ్గరకు వెళ్ళాను. "బాబాయిగారూ, భయపడకండి. సూది ఒక్కసారి వాడి పారేసేదే" అన్నది. వెంట్రుకంత సన్నని సూదులు బొటనవేలికీ రెండో వేలికీ నడిమినున్న గుంటలోనూ, చీలమండ పక్కనా, మోకాటిచిప్పకు నాలుగు వేళ్ళ కిందా గుచ్చింది. ఆ చివరిదానికి చైనాభాషలో 'కాలి మూడు మైళ్ళు' అన్నట్టుగా పేరుందట. గాలి, చలి, తేమ కీలులో అడ్డుపడితే వచ్చే నొప్పిని వాళ్ళు 'బీ' అంటారట. మన అమ్మమ్మలు అనే వాతమే కాదూ! సెగకు వాడే మూలిక, మన వినాయకచవితి పత్రిలోని మాచిపత్రికి దాయాదే.

ఈ విద్యకు మనకూ చుట్టరికం వుంది. 1938లో అయిదుగురు భారత వైద్యులు చైనా సైనికుల సేవకు వెళ్ళారు. కొట్నీస్ 1942లో అక్కడే కన్నుమూశాడు. జట్టులోని బసు తరవాత సూదివైద్యం నేర్చి కలకత్తాలో ప్రచారం చేశాడు. 2019లో మన ప్రభుత్వం దాన్ని వైద్యపద్ధతిగా గుర్తించింది.

ఉన్నమాట చెప్పాలి. సూది వల్ల అరిగిన కీలు మళ్ళీ మొలవదు. వుత్తుత్తి సూది గుచ్చినా కొందరికి నొప్పి తగ్గిందని పరీక్షలు చెబుతున్నాయి. నాకు మాత్రం గుచ్చిన రోజున నిద్ర బాగా పట్టింది. అసలు మేలు చేసింది మిగతా సగం: ముందు వెడల్పుగా, అట్ట గట్టిగా వుండే చెప్పులు, పిక్కలు సాగదీసే కసరత్తు, పాదం కింద సీసా దొర్లించడం, నాలుగు కిలోలు బరువు తగ్గడం. పావుగంటసేపు గోరువెచ్చని నీళ్ళలో పాదం వుంచడం, అదీ మోచేత్తో వేడి చూశాకనే. మధుమేహంతో పాదం మొద్దుబారినవారు వేడినీళ్ళకూ, సెగకూ దూరంగా వుండాలి సుమండీ! కీలు యెర్రబడి వాచి జ్వరం వస్తే యింట్లో వైద్యం పనికిరాదు, డాక్టరే దిక్కు.

మూలికల మాట వస్తే మరీ జాగ్రత్త. 1990 ప్రాంతంలో బెల్జియంలో సన్నబడే మందులో ఒక చైనా మూలికకు బదులు మరొకటి పడి, యెందరివో మూత్రపిండాలు చెడ్డాయి. పేరు దగ్గరగా వుంటే గుణం దగ్గరగా వుండదు.

ఆడికృత్తిక రానే వచ్చింది. వానచినుకులు, కావళ్ళు, "హరోంహర" కేకలు. చెప్పులు కింద వదిలి, కటకటా పట్టుకుని, మెట్టుకో నిమిషం ఆగుతూ యెక్కాను. పక్కన చిన్నపిల్లలు దాటిపోయారు. సిగ్గేమీ వేయలేదు.

పైకి చేరాక మా ఆవిడ నా పాదం వంక చూసి, "నొప్పి పుట్టిందా?" అన్నది.

"పుట్టింది," అన్నాను. "కాని నాతోబాటు పైకి వచ్చింది."